ముదురు జున్ను

నమోదు 1

ఈ పుస్తకంలో హాస్యం రాయరాదని నగరాన్ని ఏలే సంఘం వారు మొదటి పేజీలోనే అచ్చు వేయించారు. నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న మహానుభావుడు ఏం రాసి పుణ్యం కట్టుకున్నాడో తెలియదు. కాబట్టి మిక్కిలి గంభీరంగా నమోదు చేయునది ఏమనగా: ఈ ఉదయం నేను, అనగా ఏడుకొండలు, చలవనగరం ఆహార పరీక్షాధికారి, పొట్టకు నాలుగు గాజు పళ్ళేలు కట్టుకుని ఆఫీసుకు వచ్చాను.

కారణం శాస్త్రీయమైనదే. తిండిలో క్రిములున్నాయో లేవో తెలియాలంటే, అందులోంచి రవ్వంత తీసి గాజు పళ్ళెంలో రాసి వెచ్చగా ఉంచాలి. ఉన్నవి పెరిగి చుక్కలుగా కనబడతాయి. దీనికోసం పూర్వం వెచ్చటి పెట్టె ఉండేదని కాలేజీలో బొమ్మ చూపించారు. బొమ్మ చూపించిన మాస్టారు కూడా తలుపేసి చూపించారు. ఇక్కడ గోడల లోపల పొయ్యి నేరం, కొవ్వొత్తి నేరం, వెచ్చటి పెట్టె మహానేరం. నగరంలో చట్టానికి లోబడిన వేడి వస్తువు మనిషి పొట్ట ఒక్కటే.

మా అక్క కోటేశ్వరి నన్ను నడవాలో చూసి ఆగిపోయింది. శాలువా కింద నా పొట్ట, శాలువా కింద తన పొట్ట.

"నాకు ఎనిమిదో నెల. నీకు ఎన్నోదిరా?"

"ఇది ప్రభుత్వ కార్యం, అక్కా."

"తండ్రెవరో సంఘాన్ని అడిగి రాయించుకో," అని నవ్వుతూ పోయింది.

నవ్వినప్పుడు ఒకసారి తుమ్మింది కూడా. మా తాతల కాలంలో ఈ గోదాముల్లో మిరపకాయ బస్తాలు దాచేవాళ్ళట. బయట ఎండలు మనుషుల్ని మాడ్చడం మొదలెట్టాక బస్తాల్ని తీసి మమ్మల్ని పెట్టారు. బస్తాలు పోయినా ఘాటు పోలేదు. బయట వాన పడి గోడలు చెమ్మ పట్టిన రోజు ఊరు ఊరంతా తుమ్ముతుంది.

నమోదు 4

ఈ రోజు తనిఖీ లోగదిలో. లోగది అంటే నగరంలోకెల్లా చల్లటి గది. దాని తాళాలు సామ్రాజ్యం పిన్ని దగ్గర ఉంటాయి. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు కాబట్టి అందరికీ పిన్ని.

అక్కడ వరసగా కుండలు. కుండల్లో, ఆవులు లేని ఊరు కాబట్టి తొట్లలో తయారుచేసే పాలతో, నిప్పు లేకుండా తోడువేసి గట్టిపరచిన జున్ను. మామూలు జనానికి నానబెట్టిన అటుకులు, మొలకలు, పెరుగు. జున్ను మాత్రం కడుపుతో ఉన్నవాళ్ళకే. ఎన్నాళ్ళు చలవలో ఉంటే అంత పవిత్రం. ఎనిమిదో నెలలో చూలాలి చలవ అని వేడుక చేసి, ఉన్నవాటిలో బాగా ముదురు కుండ తీసి పెడతారు.

పిన్ని ఒక్కో కుండ మూత తీసి, పైకప్పు కిందనున్న చలవగొట్టం నుంచి బొట్లు బొట్లుగా కారే నీటిని దోసిట్లో పట్టి చల్లుతోంది. దాన్ని చలవ తీర్థం అంటారు. గొట్టం ఒంటికి నల్లటి జిడ్డు పేరుకుంది.

"పిన్నీ, ఆ గొట్టాన్ని ఎప్పుడన్నా కడిగారా?"

"దేవుడికి నువ్వు వీపు రుద్దుతావంట్రా అబ్బాయా?"

"రుద్దమంటే రుద్దుతాను. ఉద్యోగం అదే కదా."

"నోటికి తాళం లేదు నీకు. ఇదిగో ఈ కుండ మీ కోటేశ్వరికని తీసిపెట్టా. దీనంత ముదురుది ఇంకోటి లేదు. ఎవురికీ చెప్పమాక, ఆడోళ్ళు కొట్టుకు చస్తారు."

ఆవిడ చూడకుండా ఆ కుండలోంచి గోరంత, గొట్టం కింద నుంచి ఒక బొట్టు తీసుకున్నాను. అధికారి దొంగతనం చేస్తే దాన్ని నమూనా అంటారు.

నమోదు 5

హాస్యం లేదు ఈ రోజు.

మా వరుసలోనే ఉండే మరియకుమారికి ఏడో నెలలో కడుపు పోయింది. ఆడపిల్లట. వాళ్ళ తలుపు మూసి ఉంది. నడవాలో జనం గొంతు తగ్గించి నడుస్తున్నారు.

డాక్టర్ జరీనా గారు నన్ను తన గదికి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"వానలు మొదలయ్యాక ఇది మూడోది బాబూ. ముగ్గురికీ ముందు వారం ఒళ్ళు వెచ్చబడింది. ముగ్గురూ దాచారు."

జ్వరం అన్న మాట ఇక్కడ డాక్టర్లు కూడా అనరు. ఎందుకు దాచారో నాకు తెలుసు. నగరం నడిమధ్యన, ఆస్పత్రి వైపు పోయే దారిలో వేడి కాపలా ఉంటుంది. కాపలా మనిషి నుదుటికి దీపం చూపిస్తాడు. పచ్చ వెలిగితే పో. ఎర్ర వెలిగితే లోగది పక్కనున్న అరలో, వేడి దిగేదాకా కూర్చోవాలి. ఇంటి తలుపుకు నల్లగుడ్డ కడతారు. ఆ కాపలా మనిషి పేరు వీరాంజనేయులు. మా అక్క మొగుడు.

"ఏం తిన్నారు?" అన్నాను.

"అందరూ తిన్నదే. నువ్వు తిన్నదే. నీకేం కాలేదుగా?"

"అటుకులు తిని తిని నాకు విరక్తి కలిగింది, అంతే."

ఆవిడ నవ్వలేదు. నాకూ అది హాస్యంలా అనిపించలేదు.

నమోదు 6

మరియకుమారిని చూడటానికి వెళ్ళాను. గోడకి ఆనుకుని కూర్చుంది. వాళ్ళాయన నీళ్ళు ఇచ్చి బయటికి పోయాడు. ఏం అడగాలో తెలియక అధికారిలా అడిగాను, అది ఇంకా అసహ్యంగా ఉంది.

"ఒళ్ళు వెచ్చబడితే ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమయ్యేది? అరలో కూర్చోబెట్టేవోళ్ళు. కడుపుతో ఉండి ఆ చలిలో కూర్చునేదాన్నా? మీ బావ దగ్గరికి పోయే ముందు మంచుగడ్డ తీసుకుని నుదుటికి రుద్దుకునేదాన్ని. అందరూ చేసేదే. పచ్చ వెలిగేది."

"తిండి?"

"మీరు తిన్నదే. జున్ను ఒకటే ఎక్కువ. మీకు పెట్టరుగా అది." నీళ్ళగ్లాసు పక్కన పెట్టింది. "బాగుంది కూడా."

నగరంలో ఆడవాళ్ళు మాత్రమే తినేది, వాళ్ళలోనూ కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రమే తినేది ఒక్కటే ఉంది. పరీక్షాధికారికి అది తట్టడానికి ఇంత సేపు పట్టింది. నేను చదువుకున్నవాణ్ణని ఇందుమూలంగా రుజువైనది.

నమోదు 9

పొట్టకు కట్టుకున్న పళ్ళేల్లో కొత్తగా ఏమీ లేదు. ఎప్పుడూ ఉండే మామూలు చుక్కలే, సందు లేకుండా కిక్కిరిసి ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది. శుద్ధం అని రాయబోయాను.

అప్పుడు గుర్తొచ్చింది. జున్ను, తీర్థం నమూనాలు రెండేసి పళ్ళేల్లో రాశాను. ఒక జత పొట్టకు. పొట్ట మీద చోటు లేక రెండో జతను నా గదిలోని చల్లటి అలమరలోనే వదిలేశాను. చలిలో ఏదీ పెరగదు కాబట్టి వాటిని కడిగేద్దామని తీశాను.

పెరిగాయి. పళ్ళెం నిండా, ఆవాలు చల్లినట్టు.

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. అయినా వెనక్కి తిరిగి చూశాను.

ఒక చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టాను. పొట్టి కణికలు. ఊరికే ఈదడం లేదు, పిల్లిమొగ్గలు వేస్తున్నాయి. తల కిందికి, కాళ్ళు పైకి, మళ్ళీ తల కిందికి, తాతలు చెప్పిన గారడీ ఆటల్లో కూడా విననంత హుషారు. ఈ ఆట ఆడే క్రిమి ఒకటుందని, చలిపెట్టెలో దర్జాగా పెరిగేది అదేనని మాస్టారు చెప్పింది నిన్న చెప్పినట్టు వినబడింది. దాని పేరు లిస్టీరియా. వెచ్చదనంలో మిగతా క్రిముల గుంపులో ఇది కనబడదు; చలిలో అవి నిద్రపోతాయి, దీనికి పోటీ ఉండదు. గట్టివాళ్ళు తింటే కడుపులో కాస్త గడబిడ, అంతే. కడుపుతో ఉన్నవాళ్ళు తింటే తల్లికి ఒళ్ళు వెచ్చబడి ఊరుకుంటుంది. అది తల్లిని దాటి లోపలికి పోతుంది.

తిండిలో దాన్ని చంపేది ఒక్కటే. వేడి.

ఈ నగరం కట్టుకుని, కాపలా పెట్టుకుని, దేవుడని దణ్ణం పెట్టుకుని పోషిస్తున్నది దాన్నే.

నమోదు 10

సంఘం ముందు నిలబడ్డాను. పళ్ళేలు చూపించాను. పొరపాటున, కాచాలి, మరగబెట్టాలి అని అనేశాను. అధ్యక్షుల వారు చెవులు మూసుకున్నంత పని చేశారు.

"చలవలో పురుగు పెరుగుద్దా?" అని సామ్రాజ్యం పిన్ని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే.

"ఇది పెరుగుద్ది పిన్నీ. ఎంత ఎక్కువ రోజులు పెడితే అంత."

"అంటే చలవ చాలట్లేదన్నమాట," అన్నారు అధ్యక్షులు.

"కాదండీ, చలవే దానికి…"

"కుండల్ని ఇంకా లోపలి అరలోకి మార్చండి. ఇంకొన్నాళ్ళు ఉంచి ఆ తర్వాత పెడదాం. ఆహారాధికారి సూచన మేరకు చలవ పెంచితిమని రాయండి."

నా సూచన మేరకు. రాశారు. సంతకం కూడా పెట్టించుకున్నారు.

బయటికొచ్చాక పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు భయపడమాక. ఎల్లుండి కోటేశ్వరి వేడుకకి కుండ లోపలి అర నించే తెస్తా. మంచుగడ్డలా ఉంటది."

నమోదు 12

వేడుక. అక్కకి పచ్చచీర, చేతుల నిండా గాజులు. పిన్ని వెండి పళ్ళెంలో జున్ను పెట్టి, పైన తీర్థం చల్లి, రెండు చేతుల్తో పట్టుకుని వస్తోంది. బావ పక్కన నిలబడి మురిసిపోతున్నాడు. వద్దని నిన్నంతా బావకు చెప్పాను. "సంఘం చూసుకుంటదిలేరా బామ్మర్దీ, శుభమా అని వేడుక చేస్తంటే," అన్నాడు.

నాకు తోచిన ఉపాయం ఒక్కటే. ఉపాయం అనడం దానికి మర్యాద ఇవ్వడమే. పిన్నికి ఎదురెళ్ళి, శాలువా కాళ్ళకి చుట్టుకున్నట్టు నటించి, పళ్ళెం మీద బోర్లా పడ్డాను. జున్ను నా ముక్కులోకి పోయింది. పళ్ళెం దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది.

ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు.

"కళ్ళు యాడ పెట్టుకున్నావురా!"

"చదువుకున్నోడు, నడవటం రాదు!"

"అపశకునం కాదంటారా?"

"శకునమేందక్కా, ముందు ఆ మొహం కడుక్కోమను!"

అక్క పగలబడి నవ్వుతోంది. నవ్వి నవ్వి, నన్ను పక్కకి లాగి, తన కొంగుతోనే నా మొహం తుడిచింది. తుడుస్తూ మెల్లగా అంది.

"ఎందుకురా ఈ నాటకం? నేను తినకూడదనేగా? పిన్ని నా మీద ప్రేమ కొద్దీ వారం నించి రోజూ కొంచెం తెచ్చి పెడతానే ఉంది. నాకేమైంది చూడు."

చూశాను. కొంగు పట్టుకున్న చెయ్యి నా బుగ్గకు తగిలింది. వెచ్చగా ఉంది. మామూలు వెచ్చదనమే అనుకోవడానికి చాలా కష్టపడ్డాను.

నమోదు 15

అక్క రెండు శాలువాలు కప్పుకుని మంచం మీద వణుకుతోంది. నడుము నొప్పి అంటుంది. "చలిరా, చలి ఎక్కువైంది ఈ రోజు," అంటుంది. చలవనగరంలో చలి ఎక్కువైందట.

డాక్టర్ జరీనా గారి దగ్గర మందుంది. నరంలోకి ఎక్కించేది, తల్లికిచ్చింది బిడ్డకీ చేరేది. "కానీ ఇక్కడికి తీసుకురా," అన్నారు. "ఎక్కించేదంతా ఇక్కడే ఉంది. పగలూ రాత్రీ కనిపెట్టి ఉండాలి. అరలో కూర్చోబెడితే మాత్రం ఆలస్యమైపోతుంది. అర్థమైందా?"

ఆస్పత్రికి పోవాలంటే కాపలా దాటాలి.

అక్క మంచుగడ్డ తీసుకుని నుదుటికి రుద్దుకుంటోంది. మంచుగడ్డ కరిగిపోతోంది కానీ నుదురు చల్లబడటం లేదు.

నడవాలో వరుస. మా ముందు ఒక ముసలాయన, వెనక చాలామంది. బావ దీపం పట్టుకుని, అక్కని చూసి నవ్వబోయి ఆగాడు. మొహం చూడగానే తెలిసిపోయింది అతనికి. దీపం పట్టిన చెయ్యి ఎత్తాడు.

ఎర్ర.

పక్క గోడ మీద కూడా ఎర్రటి వెలుగు పడింది. ఆ వరుసలో చూడనివాళ్ళు లేరు. బావ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎవర్నీ వదల్లేదు. సొంత తల్లిని ఒకసారి అరలో కూర్చోబెట్టాడు.

"పచ్చ," అన్నాడు బావ.

వరుసలో తలలన్నీ గోడ మీది ఎర్ర వెలుగు వైపు తిరిగాయి.

"నా కంటికి పచ్చే కనపడింది," అన్నాడు గట్టిగా. "ఇంకెవురికన్నా వేరే కనపడిందా?"

వెనకెక్కడో ఎవరో గొంతు సవరించుకున్నారు. నేను అక్క మోచేతి కింద చెయ్యి వేసి పట్టుకున్నాను. ఆమె బరువంతా నా మీద పడుతోంది.

ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. "పచ్చేలేవయ్యా. పోనియ్యి ముందు. ఎంతసేపు నిలబడాలి ఇక్కడ, మోకాళ్ళు పోతన్నయ్యి."

దాటాం.

నమోదు 17

మందు ఎక్కుతోంది. అక్కకి ఒళ్ళు కాస్త చల్లబడింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని, అయితే తొందర తొందరగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ అన్నారు. నాకు చెవి గొట్టం ఇచ్చారు. విన్నాను. దాని గురించి ఇక్కడేమీ రాయను.

సామ్రాజ్యం పిన్ని నా గదికి వచ్చింది. కూర్చోలేదు.

"సంఘం ముందు ఏదో చూపించావుగా ఆ రోజు. నాకు దగ్గర్నించి చూపించు."

సూక్ష్మదర్శిని సర్ది ఇచ్చాను. చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఎంత ముద్దుగా మొగ్గలేస్తన్నాయిరా," అంది. ఆ తర్వాత, "ఇది జున్నులోదా, తీర్థంలోదా?"

"రెండిట్లోనూ ఉంది పిన్నీ."

కొంగు బిగించి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బయటి తలుపు దగ్గర గోల వినపడి వెళ్ళాను. పిన్ని లోగదిలోని కుండలన్నీ ఒక్కోటీ మోసుకుంటూ బయటికి చేరవేసింది. తల మీద తడిగుడ్డ వేసుకుని, ఎండలో ఇనుప రేకు మీద వరసగా పెట్టి లోపలికి వచ్చి పడింది. అరచేతులు కమిలిపోయాయి. అద్దంలోంచి జనం చూస్తున్నారు. కుండల్లో జున్ను కుతకుతలాడుతోంది. తలుపు సందుల్లోంచి ఒక వాసన లోపలికి వచ్చింది. ఉడికిన వాసన. అక్కడున్న ఎవరికీ తెలియని వాసన. అందరికీ నోట్లో నీళ్ళూరాయి, అందరూ సిగ్గుపడ్డారు.

సంఘం పిన్ని దగ్గర తాళాలు తీసేసుకుంది. "తీసుకోండి," అంది, "ఇంక ఆ గదిలో ఏముందని."

నమోదు 19

ఇది నడిమి గదిలో నేల మీద కూర్చుని రాస్తున్నాను. లోపలి తలుపుకీ బయటి తలుపుకీ మధ్యనుండే ఇరుకు గది. అక్షరాలు వంకరగా ఉంటే పరీక్షాధికారిని క్షమించవలెను, ఇక్కడ బల్ల లేదు.

తెల్లవారగానే అక్క ప్రసవించింది. నెలలు నిండలేదు. మగపిల్లవాడు. నా రెండు అరచేతుల్లో సరిపోయాడు. మందు వాడికీ చేరిందని, క్రిమి వాణ్ణి గెలవలేదని డాక్టరమ్మ అన్నారు. మేం నవ్వబోయాం.

"అప్పుడే కాదు," అన్నారు ఆవిడ. "వీడు తన వేడి తాను నిలుపుకోలేడు. చల్లబడిపోతున్నాడు చూడండి. వెచ్చగా ఉంచాలి. మీ అక్క రొమ్ము మీద పెడదామంటే ఆమే వణుకుతోంది."

వెచ్చగా. నగరం మొత్తం మీద ఎక్కడ?

బావ శాలువా విప్పేశాడు, చొక్కా విప్పేశాడు. పిల్లవాణ్ణి ఛాతీకి హత్తుకుని పరిగెత్తాడు. వెనక నేను, నా వెనక డాక్టరమ్మ. తన కాపలా దాటి, నడవా దాటి, ఈ నడిమి గదిలోకి వచ్చాడు. ఇక్కడ కొంచెం నయం, కానీ చాలదు. పిల్లవాడి పెదాలు మిరపపండు రంగులోంచి నీలంలోకి తిరుగుతున్నాయి. ఏడవడం లేదు.

"తియ్యి," అన్నాడు బావ.

"బావా, అది బయటి తలుపు."

"నాకు తెలవదా అది ఏ తలుపో? తియ్యరా!"

గొళ్ళెం ఎత్తి జానెడు తెరిచాను. ఉదయపు ఎండ ఇంకా ముదరలేదు. గాలి ఒక్కసారి లోపలికి వచ్చి మొహానికి కొట్టింది. వెనక లోపలి తలుపు మేం సరిగ్గా మూయలేదు; రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటేనే మోగే సైరను అదే క్షణంలో నగరమంతా మోగింది. పుట్టి ఇన్నేళ్ళలో దాన్ని పరీక్ష కోసం మోగించగా విన్నానేగానీ నిజంగా మోగడం ఇదే. బావకి నుదుటి మీద చెమట పట్టింది. చెమట పడితే ఏం చెయ్యాలో తెలియక ఆశ్చర్యంగా తుడుచుకుంటున్నాడు. డాక్టరమ్మ పిల్లవాడి వీపు మీద రెండు వేళ్ళతో రుద్దుతున్నారు.

లోపల నుంచి అడుగుల చప్పుడు. సంఘం మనుషులు, వాళ్ళ వెనక జనం. "ముయ్యండి! తలుపు ముయ్యండి!" అని అరుపులు. లోపలి తలుపు నెట్టుకుని వస్తున్నారు.

వాళ్ళకంటే ముందు ఎవరో గుమ్మంలోకి వచ్చి అడ్డంగా నిలబడ్డారు. రెండు చేతులూ చాపి, రెండు వైపులా తలుపు చట్రం పట్టుకుని. మరియకుమారి. బాలింత, ఇంటి గడప దాటకూడని మనిషి. మా వైపు చూడటం లేదు, వాళ్ళ వైపే చూస్తోంది. అధ్యక్షుల వారు ఆమె మొహం చూసి ఆగిపోయారు.

బావ గుండెల మీద ఏదో కదిలింది. సన్నగా, కోపంగా, పిల్లిపిల్లలాగా ఒక ఏడుపు. సైరను మోగుతూనే ఉంది, అయినా వినబడింది. గుమ్మం దగ్గరున్న వాళ్ళందరికీ వినబడింది.

మరియకుమారి చేతులు దించలేదు.

"ముయ్యమాకండి," అంది. "ఇంకాసేపు."